ఏడు దస్కతుల కాగితం

"చింపకు," అంది తల్లి హేబ్సిబా. "ఆ కాయితం చింపితే నా మీద ఒట్టు."

షెకినా చింపలేదు. కింద పెట్టనూ లేదు. ఆరో నెల కడుపుతో కుర్చీ అంచున కూర్చుని, నిన్న ఆరాధన అయ్యాక తండ్రి చర్చి నుంచి ఎంతో గొప్పగా పట్టుకొచ్చిన ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చూసింది. చూసినకొద్దీ ఒళ్లు మండింది.

ఐర్లాండు పౌరసత్వం కోసం పెట్టే దరఖాస్తు అది. నాయనమ్మ నోరా అక్కడ పుట్టింది కాబట్టి మనవరాలికి అడిగే హక్కు ఉంది. నోరా పుట్టిన సర్టిఫికెట్టు వచ్చింది. పెళ్లి సర్టిఫికెట్టు వచ్చింది. తండ్రి ఏసప్ప పుట్టిన సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన నాలుగు నెలలూ అయిపోయాయి. ఇక మిగిలింది సాక్షి గడి ఒక్కటే. చుట్టం కాని మనిషి, ఈమెను సొంతంగా ఎరిగిన మనిషి, డాక్టరో వకీలో పాస్టరో హెడ్మాస్టరో, ఒక్కరంటే ఒక్కరు, షెకినా తమ కళ్లెదుట సంతకం చేశాక తామూ చేసి ముద్ర వేయాలి.

ఆ ఒక్క గడిలో ఇప్పుడు ఏడు సంతకాలున్నాయి.

ఒకటి అడిగితే ఏడు ఇచ్చే ఉదారత చర్చి కమిటీలకు తప్ప ఎవరికుంటుంది? పాస్టరు డేనియల్ సంతకం ఉంది. ట్రెజరరు ఉన్నాడు. నలుగురు పెద్దలున్నారు. గడి చాలక మార్జిన్‌లోకి, మార్జిన్ చాలక 'ఇక్కడ ఏమీ రాయరాదు' అని ఇంగ్లీషులో అచ్చు వేసిన చోటికి కూడా వెళ్లారు. ముద్ర మూడుసార్లు పడింది.

ఫొటోల సంగతి ఇంకా అన్యాయం. వెనకవైపు సంతకం చేస్తే చాలని రాసి ఉంది. కానీ బడి సర్టిఫికెట్ల మీద కొట్టి కొట్టి అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? ఫొటోను కాగితం మీద పెట్టి, గుండ్రటి ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా కొట్టారు. షెకినా నుదుటి నుంచి ముక్కు దాకా ఊదారంగు అయింది.

అన్నిటికంటే పైన, పాస్టరు సంతకానికి కూడా పైన, వంకర లేని ఇంగ్లీషు అక్షరాల్లో సాల్మన్, సెక్రటరీ అని ఉంది. దాని పక్కనే బ్రాకెట్లో, దరఖాస్తుదారు మేనమామ అని కూడా ఉంది.

"చుట్టాలు పెట్టొద్దని మొదటి లైన్లనే ఉంది నాయినా," అంది షెకినా. "మామ దస్కత్ పెట్టిందే తప్పు. మళ్లా మేనమామనని తన చేత్తోని సబూత్ గూడ రాసిచ్చిండు."

ఏసప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు టైమ్‌కీపరుగా చేసిన మనిషి. ఎవరి ఆలస్యమైనా తనదే అన్నట్టు మొహం పెట్టడం ఆ ఉద్యోగంలోనే అలవాటైంది.

"నేను పాస్టరయ్య చేతికే ఇచ్చిన బిడ్డా. ఆయన ఒక్కడే పెడ్తుండె. మీ మామ వచ్చి, చర్చిల ఒక్క దస్కత్ నడ్వదు బావా, నీకెర్క లేదా అన్నడు. నిజమే గదా. ముప్పై ఏండ్ల కింద అప్పటి పాస్టరు ఒక్కడే దస్కత్ పెట్టి చర్చి వెనక జాగ ఎవనికో రాసిచ్చిండు. గప్పటి సంది ఏ కాయితమైనా ఏడుగురు పెట్టాల్సిందే. సమాధి చిట్టీకి గూడ ఏడుగురు పెడ్తరు."

"నేను వాళ్ల ముంగట పెట్టాలె గద మొదలు? నా గడి ఖాళీగనే ఉంది. నేను పెట్టింది చూసినమని ఎట్ల రాసిన్రు?"

"నువ్వు చర్చికి రావు గదా," అన్నాడు ఏసప్ప.

అనేశాక ఆ మాట వెనక్కి తీసుకుంటే బాగుండుననిపించింది ఆయనకు.

చర్చికి రాదు, నిజమే. రెండేళ్ల కిందట సంతపూర్ ఊరి నవనాథ్‌ను చేసుకుంటానన్నప్పుడు ఆమె చర్చిలోనే ఉంది. అతను హిందువు కాబట్టి పెళ్లి చిట్టీ ఇవ్వబోమన్నారు కమిటీ వాళ్లు. సరే, అది వాళ్ల రూలు. కానీ ఆ రోజు అందరి ముందు సాల్మన్ లేచి, ఈ పిల్ల మాకేం గాదు, ఇగ మా ఇంటి మనిషే గాదు, అన్నాడు. సొంత చెల్లెలి బిడ్డను పట్టుకుని అన్నాడు. షెకినా ఆ రోజు బెంచీ మీద నుంచి లేచి బయటికి వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. మళ్లీ ఆ గేటు దాటలేదు.

నవనాథ్ అప్పుడే కొల్హార్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చాడు. జుట్టు నిండా ఆటో దుమ్ము. టిఫిన్ డబ్బా గట్టు మీద పెట్టి, భార్య భుజం మీదుగా కాగితంలోకి తొంగి చూశాడు.

"అందరు పెట్టిన్రు గద. ఇంక ఫికర్ లేదు," అన్నాడు.

షెకినా జరిగింది చెప్పింది. అతను విని, తల గోక్కున్నాడు.

"ఫారం మళ్లా ప్రింటు తీస్త. ఫొటోలు గూడ దిగొచ్చు. దస్కత్ పెట్టే మనిషినే ఏడికెళ్లి తేవాలె?"

అసలు చిక్కు అక్కడే ఉంది. బిడ్డ పుట్టకముందే షెకినా పేరు డబ్లిన్‌లో విదేశీ జననాల రిజిస్టరులోకి ఎక్కాలి. ఎక్కితే ఆ హక్కు బిడ్డకూ దక్కుతుంది. బిడ్డ పుట్టాక ఎక్కితే షెకినాతోనే ఆగిపోతుంది. గర్భిణి అని రాస్తే కాస్త ముందుగా చూస్తారట. అయినా నెలలు పడుతుంది, అది కూడా తప్పుల్లేని కాగితానికే. ఈ గురువారం కొరియర్‌లో పడకపోతే ఇక లెక్క సరిపోదని షెకినా క్యాలెండరు ముందు కూర్చుని ఎప్పుడో తేల్చుకుంది.

"ఎందుకే అంత పంతం నీకు?" అంది హేబ్సిబా. "పోతే పోయింది. ఈడ బతుకుతలేమా?"

"బతుకుతున్నం. చిట్టీలు అడుక్కుంట బతుకుతున్నం. బడికి చర్చి చిట్టీ. నర్సింగ్ కాలేజీకి చర్చి చిట్టీ. పెండ్లికి చిట్టీ. నాకు ఇయ్యకపాయె, సరే. నా బిడ్డ ఎవ్వరి దగ్గర చిట్టీ కోసం నిలబడొద్దు. నాయనమ్మ పుట్టుక నాకిచ్చిన హక్కు ఇది. నేను నా బిడ్డకు ఇస్త. నడుమ ఏడుగురు ఎవరు?"

హేబ్సిబా దగ్గరికి వచ్చి, కూతురి చేతిలోంచి ఆ కాగితాన్ని మెల్లగా లాక్కుంది. చీర కొంగుతో తుడిచింది. తన బైబిల్లో పెట్టి మూసింది.

"పనికిరాని కాయితం అమ్మా అది."

"నీకు పనికిరాదు. నాకు పనికొస్తది."

ఎందుకు పనికొస్తుందో షెకినా అడగలేదు. అప్పుడే అడిగి ఉంటే మంగళవారం అంత గొడవ జరిగేది కాదు.

---

మంగళవారం పొద్దున షెకినా, నవనాథ్ కలిసి కోర్టు దగ్గరికి వెళ్లారు. అప్పటికే సాక్షి కాగలవాళ్లందరినీ వెతికారు. చదువు చెప్పిన హెడ్మాస్టరు జూన్‌లో రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నవాళ్లే పెట్టాలి. ఆమె నర్సుగా చేసిన ఆస్పత్రి డాక్టరమ్మ హైదరాబాదు వెళ్లి ఏడాదైంది, ఫోను ఎత్తదు. బ్యాంకు మేనేజరు వచ్చి నెల కాలేదు, ఆయనకు వీళ్ల మొహాలే తెలియవు. పాస్టరు కమిటీని కాదని ఒంటరిగా పెట్టడు. తెలిసిన మిగతావాళ్లంతా చుట్టాలు. ఇంత చిన్న సంఘంలో రెండు తరాలుగా ఒకరింటి పిల్లను ఒకరు చేసుకుంటూ వస్తే చుట్టం కానివాడు ఎక్కడ దొరుకుతాడు?

కోర్టు బయట రేకుల షెడ్డు కింద నోటరీ కాగితం చదవకుండానే పెన్ను తీశాడు.

"నన్ను మీరు ఎరుగుదురా సార్?" అంది షెకినా.

"ఇప్పుడు ఎరిగిన గద తల్లీ. ఏండ్ల సంది తెలుసని రాస్త. నీకేం కావాలె, ఐదేండ్లా, పదేండ్లా?"

"ఫోను చేసి అడుగుతరంట వాళ్లు. అడిగితె నా ఇంటి పేరు చెప్తరా? మా నాయిన ఏం చేసిండో చెప్తరా?"

"ఎవ్వరు చెయ్యరమ్మా. నేను ఎంతమందికి పెట్టలే?"

నవనాథ్ ఆమె వైపు ఆశగా చూశాడు. షెకినా కాగితం తీసుకుని ఫైలులో పెట్టేసింది.

"తెల్వని మనిషితోని తెలుసని రాయించను," అంది బయటికి వచ్చాక. "నా పేరు మొదటిసారి ఒక దేశం పుస్తకంల ఎక్కుతాంది. అబద్ధంతోని ఎక్కొద్దు."

"నీ అసొంటి దాన్ని చేసుకున్న చూడు," అన్నాడు నవనాథ్. కానీ ఆమె ఫైలును అతనే మోశాడు. ఇంటిదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు సాల్మన్ చెప్పులున్నాయి.

రెండేళ్లుగా ఆ గడప తొక్కని మనిషి హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. హేబ్సిబా స్టీలు గ్లాసులో చాయ్ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో అంత సంతోషం షెకినా తన పెళ్లయ్యాక చూడలేదు. చూసి జాలేసింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"కూసో బిడ్డా," అన్నాడు సాల్మన్. "మా ఏడుగురి దస్కతులు గలత్ అన్నవట."

"గలత్ అనలే మామా. ఎక్కువైనయన్న. చుట్టాలు పెట్టొద్దు. ఒక్కరే పెట్టాలె. పాస్టరయ్య ఈ ఊరాయన గాదు, చుట్టం గాదు. నన్ను ఎరుగుదురు. ఆయన ఒక్కడు పెడ్తె చాలు."

"ఆయన ఒక్కడు పెట్టడు. పెట్టనియ్య."

"ఎందుకు?"

"ఎందుకా? ఒక్కడు దస్కత్ పెడ్తె ఏమైతదో నువ్వు చూడలే, నేను చూసిన. ఆ జాగ కోసం పదకొండేండ్లు కోర్టుకు తిరిగింది నేను. నా కొలువు పోయింది దానెనక. అప్పుడు రాసుకున్నం ఆ రూలు. ఇయ్యాల నా మేనకోడలి కోసం తప్పితే రేపు ఊరంత తప్పుతరు."

అది అబద్ధం కాదు. షెకినాకూ తెలుసు. పదకొండేళ్లు సద్దిమూట కట్టుకుని కోర్టుకు తిరిగిన మనిషే సాల్మన్. ఆ చర్చికి వెనక గోడ ఉందంటే ఈయన వల్లే ఉంది.

"అదే కాయితం పంపు," అన్నాడు ఆయన, కాస్త మెత్తబడి. "ఒక్కరి బదులు ఏడుగురు సాక్షులున్నరంటె వాళ్లకు ఇంకా భరోస ఐతది. కావాలంటె పైన ఒక లెటరు గూడ రాసిస్త."

"వాపస్ పంపుతరు మామా."

"పంపితె పంపనీ. మనది మనం విడుస్తమా? అసలు మన దేశం పాస్‌పోర్టు పోతది, అదన్న ఎర్కనా నీకు?"

"ఎర్కే. ఇద్దరం కూసొని మాట్లాడుకున్నం. దాని సంగతి మేము చూసుకుంటం." షెకినా ఒక్క క్షణం ఆగింది. ఆగి ఉండాల్సింది అక్కడే. "ఒక్క మాట అడుగుత. పెండ్లప్పుడు నేను మీకేం గానన్నవు. అందరి ముంగట అన్నవు. ఇప్పుడేమో మేనమామనని రాసినవు. చుట్టం కావాల్సిన నాడు కాకపోతివి. చుట్టం కావద్దన్న నాడు అయితివి. నీకు మధ్యల ఏం యాదికొచ్చింది మామా?"



సాల్మన్ చాయ్ గ్లాసు ముట్టలేదు. లేచాడు. "ఇజ్జత్ ఇచ్చి రాసిన," అన్నాడు. "అది గూడ తప్పే అయింది." చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

హేబ్సిబా ఇంకా ఆ గ్లాసునే చూస్తోంది.

"రెండేండ్లకు వచ్చిండు నా అన్న," అంది. "రెండేండ్లు పండుగ నాడు గూడ నా దిక్కు చూడలే. చర్చిల అదే బెంచీల కూసుంటడు, నా దిక్కు చూడడు. మొన్న ఆ కాయితం మీద మేనమామ అని చూసిన. నీకది తప్పు. నాకు నా అన్న మళ్ల దొరికిండు అందుల. ఇప్పుడు నీ నోటితోని పోగొట్టినవు."

"నా నోటితోనా? ఆయన నోటితోని ఏమన్నడో నువ్వు విన్నవు గదమ్మా. ఆ రోజు నువ్వు ఆ బెంచీ మీదనే ఉన్నవు. ఒక్క మాట అనలే."

"ఏమనాలె? అన్నను ఏమంటరు?"

"అదే అడుగుతున్న. బిడ్డను అంటే అన్నను ఏమనరా?"

హేబ్సిబా గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. చాయ్ పారబోసిన చప్పుడైంది.

సాయంత్రం ఏసప్ప పాత సర్టిఫికెట్ల ఫైలు తెచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. నోరా పెళ్లి సర్టిఫికెట్టు తీసి, కింద సాక్షుల చోట వేలు పెట్టాడు. ఒక సంతకం, ఒక వేలిముద్ర.

"మా అమ్మ మా నాయినను చేసుకున్ననాడు ఆస్పత్రి దొరలు ఒక్కరు గూడ రాలే. తెల్ల నర్సు ఈడి కాంపౌండర్ క్రిస్టోఫర్‌ను చేసుకునుడేందని మొహం తిప్పుకున్నరు. వార్డు ఊడ్చే రాచమ్మ వేలిముద్ర పెట్టింది. జట్కా నర్సప్ప దస్కత్ పెట్టిండు. ఆ ఒక్క దస్కత్ కోసం నర్సప్ప మా అమ్మ దగ్గర పేరు రాసుడు నేర్చుకున్నడంట."

షెకినా ఆ వేలిముద్రను చాలాసేపు చూసింది.

"ఈ వేలిముద్ర చూసే గద నాయినా డబ్లినోళ్లు సరే అనాలె," అంది. "రేపు కమిటీ కూసుంటది గదా. నేను వస్త."

"చర్చికా?"

"గేటు దాటి లోపలికే వస్త."

---

బుధవారం సాయంత్రం కొత్త ఫారం, కొత్త ఫొటోలు, కొత్త పెన్ను పట్టుకుని షెకినా చర్చి గేటు దాటింది. ఒక పక్క నవనాథ్, ఇంకో పక్క ఏసప్ప. నాలుగు అడుగుల వెనక హేబ్సిబా, చంకలో బైబిలు. ఎందుకొస్తున్నావని ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె చెప్పలేదు.

చర్చి పక్క గదిలో పొడవాటి బల్ల చుట్టూ కమిటీ కూర్చుంది. పాస్టరు డేనియల్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, మెత్తని మనిషి. ఆయనను బదిలీ మీద ఇక్కడికి పంపి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లలో కమిటీకి ఎదురు చెప్పింది లేదు.

"కూర్చో షెకినమ్మా. ఈ స్థితిలో నిలబడొద్దు."

ఆమె కూర్చోలేదు. ఫారం బల్ల మీద పరిచింది. తన గడి మీద వేలు పెట్టింది.

"నేను పెడ్తున్న పాస్టరయ్యా. మీరు చూడాలె."

సంతకం చేసింది. పెన్ను గీసిన చప్పుడు అందరికీ వినపడింది.

"ఇప్పుడొక మాట అడుగుత. నేను మీకు తెలుసా?"

పాస్టరు సాల్మన్ వైపు చూశాడు. సాల్మన్ బల్ల అవతలి చివర, ఇనుప బీరువా ముందు కూర్చుని ఉన్నాడు. చర్చి ముద్ర, లెటరు కాగితాలు, రిజిస్టర్లు అన్నీ ఆ బీరువాలోనే ఉంటాయి. తాళంచెవి ఆయన దగ్గరే.

"ఆయన దిక్కు ఎందుకు చూస్తరు?" అంది షెకినా. "నన్ను ఎరుగుదురా అని మిమ్ముల అడిగిన. మీ బాబుకు డెంగీ వచ్చిన్నాడు ఎనిమిది దినాలు వార్డుల మీ పక్కన కూసున్నది ఎవరు? సెలైన్ చూసుకుంట, మీ ఇంటామెకు అన్నం తినిపించుకుంట? అప్పుడు ఏ కమిటీ చిట్టీ తేలే నేను."

పాస్టరు తల వంచుకున్నాడు. రెండేళ్ల కిందట కూడా ఇలాగే తల వంచుకున్నాడు. అది ఆయనకూ గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

"తెలుసమ్మా," అన్నాడు మెల్లగా. తల ఎత్తి మళ్లీ అన్నాడు. "బాగా తెలుసు."

"పాస్టరయ్యా," అన్నాడు సాల్మన్, "రూలు..."

"రూలు చర్చి ఆస్తికి సాల్మనయ్యా. ఈ అమ్మాయి చర్చి ఆస్తి కాదు."

ఆ మాట ఆయన నోట వస్తుందని ఆ గదిలో ఎవరూ అనుకోలేదు. ఆయన కూడా అనుకోలేదేమో. పెన్ను తీసి రాశాడు. పేరు, ఉద్యోగం, చిరునామా, ఫోను నంబరు, తేదీ. ఫొటోలు రెండు తిప్పి వెనక సంతకం చేశాడు. అక్షరాలు ఒక్కటి కూడా గడి దాటలేదు.

షెకినాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ముద్ర," అంది. "ముద్ర గాని, లెటరు కాయితం గాని. ఏదో ఒకటి ఉండాలె."

సాల్మన్ లేచాడు. బీరువా తెరిచాడు. లోపలి నుంచి ముద్ర ఉన్న చిన్న చెక్కపెట్టె తీశాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆయన ఆ పెట్టెను జేబులో వేసుకుని, బీరువాకు మళ్లీ తాళం వేశాడు.

"దస్కత్ పాస్టరయ్యది. ఆయన ఇష్టం," అన్నాడు. "ఠస్సా చర్చిది. ఏడు దస్కతులు లేని కాయితం మీద పడదు."

నవనాథ్ ముందుకు కదిలాడు. షెకినా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. సాల్మన్ ఎవరినీ చూడకుండా గది దాటి, వరండా దాటి, గేటు వైపు నడిచాడు. అరవై రెండేళ్ల మనిషి నడకలా లేదు అది.

"అన్నా," అంది హేబ్సిబా.

ఆయన ఆగలేదు.

హేబ్సిబా చెప్పులు గది బయట వదిలి ఉన్నాయి. వాటిని దాటుకుని ఉత్త కాళ్లతోనే వరండా మెట్లు దిగింది. "అన్నా," అంది మళ్లీ. ఆయన గేటు మీద చెయ్యి వేశాడు.

"సాల్మన్."

యాభై ఎనిమిదేళ్లలో ఆ పేరు ఆమె నోట ఎప్పుడూ రాలేదు. పాత ఫొటో చూపించి ఇదెవరని పిల్లలు అడిగినా మా అన్న అనేది కానీ పేరు పలికేది కాదు. గదిలోంచి బయటికి వచ్చిన కమిటీ వాళ్లు వరండాలోనే ఆగిపోయారు.

సాల్మన్ వెనక్కి తిరిగాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు చూశాడు.

హేబ్సిబా బైబిలు తెరిచి మడత పెట్టిన కాగితం తీసింది. ఏడు సంతకాల కాగితం. విప్పి ఆయన మొహం ముందు పెట్టింది.

"ఇది నువ్వు రాసిందేనా? మేనమామ అని?"

"నేనే రాసిన."

"చూసి మురిసిన. దినాం తీసి చూసుకున్న. నా బిడ్డ చింపుతనంటె ఒట్టు పెట్టిన." "మేనమామవైతె ఆ పిల్ల కడుపుల ఉన్నది నీకు మనుమడో మనుమరాలో అయితది. దాని దారికి అడ్డం నిలబడి మేనమామ అని రాసుకుంటవా? ఈ మాట నాకొద్దు."

"హేబ్సీ, నా మాట ఇను..."

ఆమె వినలేదు. కాగితాన్ని నిలువునా చింపింది. రెండు ముక్కలనూ కలిపి మళ్లీ చింపింది. పాస్టరు సంతకం, పెద్దల సంతకాలు, మూడు ముద్రలు, మేనమామ అన్న ఆ మాట, అన్నీ ఆమె కాళ్ల దగ్గర మట్టిలో పడ్డాయి. వరండాలో షెకినా నోటి మీద చెయ్యి వేసుకుంది.

హేబ్సిబా ఖాళీ అయిన చెయ్యి అన్న ముందు చాచింది.

"ముద్ర ఇయ్యి."

సాల్మన్ ఒక్కసారి కింద ముక్కల వైపు చూశాడు, ఒక్కసారి చెల్లెలి వైపు చూశాడు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్లి అక్కడే ఆగింది. హేబ్సిబా చాచిన చెయ్యి దించలేదు.